పన్నెండు వోల్టుల దయ్యం

ముబారక్ అల్ కబీర్‌లోని ఆ అరబ్బుల ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయి అందరూ నడుం వాల్చాక, వెంకటదుర్గ తన అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లో ఫ్రిజ్ పక్కన నిలబడేది. ఫ్రిజ్ ప్లగ్గులో ఆవిడ మొగుడు భీమేశ్వరరావు ఉన్నాడు.

ఊళ్ళో రొయ్యల చెరువు దగ్గర నీళ్ళు చిలికే ఏరేటర్ వైరు తెగితే, టేపు చుట్టి నీళ్ళలోనే వదిలేసి స్విచ్చేసి, పోయిన మనిషి ఆయన. కరెంటుతో పోయినవాడు కరెంటులోనే ఉండిపోయాడు. ఆవిడ ఇక్కడ పనిలో చేరిన వారానికే గోడలోంచి దగ్గాడు. "నీ మొగుడికి దగ్గు పట్టింది, అల్లం టీ పెట్టు" అంది, పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటావిడ. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

"ఏం కూరే?" అనేవాడు, సన్నగా జుమ్మంటూ.

"బెండకాయండి."

"జిగురు పోయేలా వేయించావా?"

"తినేవాళ్ళకి లేని బాధ మీకెందుకండీ" అని నవ్వుకునేది. ఏం తిన్నావని ఆవిడని అడిగే మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే.

అందుకే ఈ ఇల్లు వదల్లేదు. కూతురు సత్యలక్ష్మికి తొలి కాన్పు దగ్గరపడి, "రావే అమ్మా" అని ఫోన్లో ఏడిస్తే, "మీ నాన్నని ఒంటరిగా వదిలి ఎలా రానే" అంది.

ఇంతలో మామా చిన్న కూతురు నూరా, హాలోవీన్ పండగంటూ స్నేహితులని పిలిచింది. పాత దుప్పట్లతో దయ్యాలు కుట్టే పని దుర్గకి పడింది. లోపల దీపం పెట్టి, ఇంటి ముందు హోష్‌లో, అంటే వాకిట్లో, వేలాడదీయాలి. డ్రైవర్ అస్లాం, రాయచోటి మనిషి, రెండు రకాల వైర్లు వంటింట్లోకి తెచ్చాడు.

"ఇది పన్నెండు వోల్టులదక్కా. అడాప్టర్ పెట్టుకోవాల. దీంతో దయ్యం కాదు, మిణుగురు పురుగయితాది. ఈ పెద్ద వైరు సూడు, నేరుగా ప్లగ్గులో పెడితే ధగధగమంటాది. తెగినకాడ టేపు సుట్టినాలే."

ప్లగ్గులో దగ్గు ఆగింది. అస్లాం అటు వెళ్ళాక భీమేశ్వరరావు మెల్లగా అన్నాడు. "పెద్దది పెట్టవే దుర్గా. దాంట్లోంచి దుప్పట్లోకొచ్చి నిలబడతాను. ఒక్కసారి నన్ను చూసుకుందువు గాని."

ఆయన మొహం ఆవిడకి ఫోటోలో తప్ప గుర్తురావడం మానేసి చాన్నాళ్ళయింది.

"చిన్నదాంట్లో పట్టరా?"

"పట్టనే."

రెండు వైర్లూ పట్టుకుని బయటికొచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే హోష్ అంతా పైపుతో కడగాలి. తనే కడిగింది, రాళ్ళ మీద నీళ్ళు ఇంకా నిలిచున్నాయి. వాటిలో నూరా ఉత్తి కాళ్ళతో చిందులు తొక్కుతోంది. దుర్గ టేపు చుట్టిన చోటు వేలితో తడిమింది. తర్వాత, "అస్లాం, చిన్నదే పెట్టు. అడాప్టర్ హాల్లోనే, పొడిగా ఉన్నచోట" అంది.

"మిణుగురు పురుగేనా అక్కా?"

"పురుగే కానీలే."

లోపలికొచ్చి గోడ దగ్గర తలొంచుకుని నిలబడింది. "చిన్నదే పెట్టానండి."

"మంచి పని చేశావు" అన్నాడాయన. "ఆ రోజు నాకూ ఎవరైనా అలా పెట్టుంటే బాగుండేది."

సాయంత్రం, గౌను అంచులు తడిసిపోయిన నూరా దయ్యాన్ని రెండు చేతులా కావిలించుకుంది. వైరు ఆ పిల్ల గుప్పిట్లో నలిగింది. ఏమీ కాలేదు, కిలకిలా నవ్వింది. అప్పుడే ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి తగ్గి మళ్ళీ వెలిగాయి.

దుర్గ వంటింట్లోకి పరిగెత్తింది. ఫ్రిజ్ నడుస్తోంది. ప్లగ్గులో ఎవరూ లేరు. పిలిచింది, చెయ్యి ఆనించింది. ఉత్త గోడ.

గ్లాసుల కోసం వచ్చిన మామా చెవి పెట్టి వింది. "దగ్గు లేదే. ఖలాసా?"

"ఖలాస్, మామా." గోడ మీంచి చెయ్యి తీసింది. "నాకు సెలవు కావాలి. మా అమ్మాయికి కాన్పు."

వచ్చిందగ్గర్నుంచీ ఆవిడ నోట మామా విన్న మొదటి కోరిక అది. "పంపిస్తాను. తిరిగి వస్తావుగా?" అంది.

ఏమడిగినా తలూపే దుర్గ, ఈసారి ఊపలేదు.