ధర నిలబడాలి

ఆ పేపరు రెండుసార్లు తప్పాను. మూడోసారి కూడా తప్పితే సీటు రద్దవుతుందని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పేపరు పేరు అర్థశాస్త్ర పరిచయం. మొదటి సగం సూక్ష్మం, రెండో సగం స్థూలం. మిగతా పేపర్లన్నీ కిందామీదా పడి గట్టెక్కించాను. ఇదొక్కటే కొరకరాని కొయ్యై కూర్చుంది.

నాకు నలభై మూడేళ్లు. ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. కుడి భుజం పట్టేసి చెయ్యి ఇప్పుడు చెవి దాకా కూడా లేవదు. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి తెచ్చుకోవాలి. మా లాండ్రీ మొత్తానికి కుర్చీ ఒక్కటే, అది స్టోర్ ఇన్‌ఛార్జిది. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు వెళ్లాయో రాసుకునే ఆ పెద్దాయన ఈ ఏడాది చివర్లో రిటైరవుతున్నాడు. అప్పటికి డిగ్రీ చేతికొస్తే ఆ కుర్చీ నీదేనని సూపరింటెండెంటు మాటిచ్చింది. నేను జ్ఞానం కోసం చదువుతున్నానని ఎవరైనా మెచ్చుకుంటే నవ్వొస్తుంది. నేను చదివేది కూర్చోవడానికి.

క్లాసులు జరిగేది ఉదయం పదింటికి. నా షిఫ్టు ఆరు నుంచి రెండు. కాబట్టి నాకు చదువు చెప్పింది యూనివర్సిటీ కాదు, మా మరిది.

మరిది హైస్కూల్లో లెక్కల మాస్టారు. స్కేలు లేకుండా చిన్న గీత కూడా గీయడు. పిల్లలు వెనకాల స్కేలు మాస్టారంటారు. రోజూ నాలుగున్నరకి బడి నుంచి నేరుగా మా వంటింటి బల్ల దగ్గరికి వచ్చేవాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, రెండేళ్లు. జ్వరంతో కూడా వచ్చాడు. నేను కునికిపాట్లు పడితే స్కేలుతో బల్ల మీద టక్కుమని కొట్టేవాడు.

మొదటి రోజు డిమాండు గీత బొమ్మ దగ్గరే ఆగిపోయాడు. పుస్తకంలో నిలువు గీత పక్కన ధర అని, అడ్డగీత కింద సరుకు అని రాసి ఉంది.

"ఇది తప్పు వదినా," అన్నాడు.

"పుస్తకంలో తప్పేంటి?"

"ముందు మారేదేంటి? ధర. దాన్ని చూసి మారేదేంటి? జనం కొనేది. సొంతంగా మారేది అడ్డగీత మీద పడుకోవాలి, దాన్ని చూసి మారేది నిలబడాలి. మా ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెలుసిది. ఈ అర్థశాస్త్రం వాళ్లకి లెక్కలు రావు, అంతే."

పెన్సిలు తీసి ప్రతి బొమ్మ పక్కనా సరైన బొమ్మ గీసిపెట్టాడు. మొత్తం నూట పద్నాలుగు. నేను అవే చూసి నేర్చుకున్నాను. నిద్రలో లేపి అడిగినా ధరని పడుకోబెట్టేసేదాన్ని.

మొదటిసారి ఇరవై ఆరు మార్కులు. రెండోసారి ఇరవై ఎనిమిది. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి. రెండుసార్లూ నాకు పూర్తి మార్కులు పడింది ఒక్క ప్రశ్నకే: అవకాశ వ్యయం అంటే ఏమిటి? ఒకటి ఎంచుకున్నందుకు వదులుకోవాల్సి వచ్చిన మరొకటి. దానికి బొమ్మ అక్కర్లేదు మరి. దిద్దేవాళ్లు కళ్లు మూసుకుని దిద్దుతున్నారని మరిది మండిపడ్డాడు. మా ఆయనేమో, "వాడు చెప్పడంలో లోపముండదు, నీ బుర్రకే ఎక్కడం లేదు," అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

మూడో పరీక్షకి పది రోజులుందనగా సెలవు పెట్టి, నా పాత జవాబు పత్రం చూపించమని యూనివర్సిటీకి వెళ్లాను. అక్కడి లెక్చరర్ మేడమ్ నాకంటే అలసిపోయి ఉంది. బల్ల మీద కట్టలు, కట్టల మీద చల్లారిన టీ గ్లాసు. నా పత్రం వెతకడానికి అరగంట పట్టింది. నాలుగు పేజీలు తిప్పి తలెత్తింది.

"బొమ్మలన్నీ తారుమారుగా గీశారేంటమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"ఇదిగో, ఉప్పు ప్రశ్న. ధర పెరిగినా జనం ఉప్పు మానరు. గీత దాదాపు నిటారుగా ఉండాలి. మీది పడుకుని ఉంది. స్థూలంలో వడ్డీ రేటూ అంతే. అన్నీ అంతే."

మరిది చెప్పిన కారణమంతా పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది.

"లెక్కల ప్రకారం ఆయన చెప్పిందే సబబు. కానీ మా దగ్గర ధర నిలబడుతుంది. ఎప్పుడో అలా మొదలుపెట్టారు, అందరం అలాగే గీస్తున్నాం. మీ పుస్తకంలో కూడా అలాగే ఉందిగా, చూడలేదా?"

చూశాను. పుస్తకం కంటే మరిదిని ఎక్కువ నమ్మాను.

బస్సులో సీటు దొరికాక కోపం వచ్చింది. రెండేళ్లు గాలికి పోయాయి. ఆ రెండేళ్లలో ఎన్ని వేల దుప్పట్లు ఎత్తానో ఈ భుజాన్ని అడగాలి. ఇంటికి రాగానే అడిగేద్దామని, కడిగేద్దామని మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. నాలుగున్నరకి మరిది వచ్చాడు. చొక్కా చేతుల మీద సుద్దపొడి. "ఇవాళ ధరల పెరుగుదల వదినా," అంటూ స్కేలు తీశాడు. పుస్తకం తెరిచాను.

మర్నాడు లాండ్రీలో దారి దొరికింది. నా బల్లకి అటువైపు నిలబడి పనిచేసేదాన్ని అందరూ పొట్టిది అంటారు. బల్ల మీద దుప్పటి పొడుగు వెడల్పులు తారుమారైతే మేమిద్దరం చేసే పనొకటుంది. నేనొక మూల, పొట్టిది దానికి ఎదురు మూల పట్టుకుని ఒక్కసారి తిరగేస్తాం. నిలువుది అడ్డమవుతుంది, అడ్డది నిలువవుతుంది. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే. ఆ తొమ్మిది రోజులూ మరిది పడుకోబెట్టి చెప్పిన ప్రతి బొమ్మనీ నేను మనసులో రెండు మూలలు పట్టుకుని తిరగేశాను. ఒకే పాఠం రెండుసార్లు మోయడమన్నమాట. తల ప్రాణం తోకకొచ్చింది.

పరీక్షలో మొదటి బొమ్మకే చెయ్యి మోసం చేసింది, ధరని పడుకోబెట్టేసింది. కొట్టేసి మళ్లీ గీశాను. తర్వాత ప్రతి బొమ్మకీ ముందు నిలువు గీత గీసి, దాని నెత్తిన ధర అని రాసి, అప్పుడు మిగతాది మొదలుపెట్టాను. చివరి గంటలో భుజం సలిపితే చేతిని బల్ల మీద పెట్టి కాగితాన్నే కదిపాను.

నలభై నాలుగు మార్కులొచ్చాయి. సంతోషం కంటే ముందు నిద్రొచ్చింది. సూపరింటెండెంటు మార్కుల కాగితం చూసి, "ఇక కుర్చీ నీదే," అంది.

ఆ రోజు నాలుగున్నరకి మరిది వెలిగిపోతూ వచ్చాడు. పుస్తకం తీసి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"చూశావా వదినా! ఈసారి దిద్దినవాడెవడో లెక్కలు తెలిసినవాడు!"

నవ్వి ఊరుకుందామనుకున్నాను. పాసయ్యాను, కుర్చీ వచ్చింది, ఒకరి మనసు నొప్పించి ఏం బావుకుంటాను?

"అన్నట్టు, మీ పొట్టావిడ కూడా డిగ్రీకి చేరిందటగా. బస్‌స్టాపులో కనిపించింది. రేపట్నుంచి ఇక్కడికే రమ్మన్నాను. ఈ పుస్తకమే ఇచ్చేద్దాం, బొమ్మలన్నీ దిద్దే ఉన్నాయి."

పొట్టిదానికి అప్పుడే మోకాళ్లు పట్టేస్తున్నాయి. అదీ ఎక్కడో ఒక కుర్చీ దొరక్కపోతుందా అనే చేరింది.

"అవి చూపించకు," అన్నాను.

"ఏం?"

చెప్పాను. మేడమ్ మాటలు, ఉప్పు ప్రశ్న, దుప్పటి తిరగేయడం, ఏదీ దాచలేదు. మరిది పుస్తకం వైపే చూస్తూ విన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పరీక్షకి పది రోజుల ముందు."

"తెలిసి కూడా రోజూ కూర్చుని విన్నావా? ఎందుకు వదినా? మొహం మీదే చెప్పొచ్చుగా!"

"చెబితే సిగ్గుపడి రావడం మానేసేవాడివి. ఎదురుగా నువ్వు స్కేలు పట్టుకుని కూర్చోకపోతే నేను పుస్తకం తెరిచేదాన్ని కాదు, పడుకునేదాన్ని. ఈ ఇంట్లో నా చదువు కోసం రోజూ వచ్చింది నువ్వొక్కడివే. కోపం లేదనుకోకు. నిన్ను చీపురు తిరగేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది."

"కొట్టాల్సింది," అన్నాడు మెల్లగా. పుస్తకం నా చేతికివ్వబోతూ, "పొట్టావిడకి నువ్వే చెప్పు వదినా. నేను చెప్పను," అన్నాడు.

"నాకంత ఓపిక లేదు. నువ్వే చెప్పాలి. ధరని నిలబెట్టి చెప్పు."

అతను జేబులోంచి రబ్బరు తీశాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, మొదటి బొమ్మ దగ్గర నిలబడే వంగి తుడవడం మొదలుపెట్టాడు. కాగితం చిరగకుండా నేను ఎడం చేత్తో అంచు పట్టుకున్నాను. పెన్సిలు గీత పోయింది కానీ రెండేళ్ల నాటి నొక్కు మిగిలింది.

"నూట పద్నాలుగున్నాయి వదినా," అన్నాడు తలెత్తకుండా.

"తెలుసు. నేనూ గీశాగా."

ఆరో బొమ్మ దగ్గర చెయ్యి మార్చుకున్నాడు. నేను కుర్చీ లాగి అతని వెనక వేశాను.

"కూర్చుని చెయ్యి," అన్నాను. "నిలబడి చేస్తే భుజం పోతుంది."