కొర్లమ్మ పంటి సందులో నా కాపురం

నేను ఒక మందు ముద్దను. ముద్ద అంటున్నాను గానీ, చల్లగా ఉన్నంతసేపు నీళ్ళలా పారతాను. మనిషి ఒంటి వేడి తగిలితే జున్నులా గట్టిపడతాను. నన్ను హైడ్రోజెల్ అంటారు. కడుపులో దాచుకున్న మందును రోజూ కాస్త కాస్తగా వదలడం నా ఉద్యోగం. మందు అయిపోయేసరికి నేనూ కరిగిపోతాను. పింఛను లేని ఉద్యోగం.

విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పుట్టాను. నాకు ముందు పుట్టిన అన్న సూదిలోనే గట్టిపడి బయటకు రానన్నాడు. ఇంకో అన్న గంజిలా కారిపోయాడు. నేను సరిగ్గా కుదిరేసరికి నన్ను కలిపిన అమ్మాయి సంతోషంతో అన్నం తినడం మరిచిపోయింది. ఇంత గొప్పవాణ్ణి, ఏ గుండెకో పంపుతారనుకున్నాను. ఐసుపెట్టెలో పెట్టి శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డున ఉన్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు పంపారు.

అక్కడ కుర్చీలో కొర్లమ్మ ఉంది. ఒడ్డుకొచ్చిన చేపలను వేలం వేసే మనిషి. ఆమె ముందుపన్ను కదులుతోంది, చిగురుకు చీము పట్టింది. పోయినేడు, ఆమెలాగే చేపలు అమ్మే తోటికోడలు దానయ్యమ్మకు ముందుపన్ను ఊడింది. అప్పటినుంచి ఆమె ధర చెబితే మాటకన్నా గాలి ఎక్కువ వస్తోందని సావుకార్లు నవ్వుతున్నారు. వినపడనట్టు నటించి గంపలు చవగ్గా ఎత్తుకుపోతున్నారు. తనకూ అదే గతి పడుతుందని కొర్లమ్మ భయం.

డాక్టరమ్మ నన్ను ఆ పంటి సందులోకి ఎక్కించి, కొన్నాళ్ళు చుట్ట ముట్టుకోవద్దని చెప్పింది. కొర్లమ్మ బుద్ధిగా తలూపింది. ఆ ఊరి ఆడవాళ్ళు చుట్ట ఎలా కాలుస్తారో నాకెవరూ చెప్పలేదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు! అడ్డపొగ అంటారు దాన్ని. అలా అయితే సముద్రపు గాలికి ఆరిపోదట.

పాపం, ఓపిక పట్టింది. చుట్ట లేని కోపంలో ఇంట్లో అందరినీ తిట్టింది, పిల్లితో సహా. చివరికొక పొద్దున ఒడ్డున కూర్చుని చుట్ట ముట్టించింది. ఎర్రటి నిప్పు నా మీదికే వస్తోంది. ఒంటి వేడికి గట్టిపడడం నేర్పారు గానీ, కొరివి వస్తే ఏం చెయ్యాలో నేర్పలేదు.

పెదవి దాకా వచ్చి చుట్ట ఆగింది. కొర్లమ్మ దాన్ని తిరగేసి, మగవాళ్ళలా నిప్పు బయటకు పెట్టి పీల్చింది. కళ్ళనీళ్ళు కారేలా దగ్గింది.

"ఏటప్పా, మగోడివైపోనావేటి?" అంది దానయ్యమ్మ.

"మందుకాడికి నిప్పు రాకూడదంది డాకటరమ్మ. పొగ సంగతి ఏటీ అన్లేదు."

పచ్చి అబద్ధం. కానీ అలా కాలిస్తే రుచి లేదని రెండు పీల్పులకే పారేసింది. నేను బతికిపోయాను. నా పని నేను చేసుకున్నాను. చీము ఆరింది, చిగురు పంటిని పట్టుకుంది.

నేను ఆవగింజంత మిగిలిన రోజున వంజరం చేప గంపలకొద్దీ పడింది. సింహాద్రి అనే సావుకారు సగం ధరకు అడిగి, నీ పన్ను కూడా ఊడుతోందట కదా, మెల్లగా చెప్పు అని నవ్వాడు. కొర్లమ్మ లేచి తన ధర అరిచింది. పడవల మీద కాకులు లేచిపోయాయి. పన్ను కదల్లేదు.

"అదీ దర. ఎత్తితే ఎత్తు, నేకపోతే గంప వొగ్గీ."

సావుకారు ఎత్తాడు. ఆ అరుపుకు నేను మాత్రం ఎగిరి తడి ఇసుకలో పడ్డాను.

పన్ను ఎలా గట్టిపడిందని దానయ్యమ్మ అడుగుతోంది. నా పేరు వినబడుతుందని చెవులు రిక్కించాను.

"ఇంకేటి, సుట్ట తిరగేసి కాల్సినాను," అంది కొర్లమ్మ.

దానయ్యమ్మ అప్పుడే తన చుట్ట తిరగేసి దగ్గడం మొదలుపెట్టింది. కాదు తల్లీ అని చెప్పబోయాను. అల వచ్చింది.