మెడ మీది బోడి

పొద్దున్నే కుట్టుమిషను మీద దుమ్మైనా తుడవకముందే, దర్జీ ఆవిడ గుమ్మంలో ఎవరో ఒకరు చంకలో కోడితో నిలబడేవారు. బట్టలు కుట్టడం బతుకుతెరువు, కోళ్ళ జబ్బులు చెప్పడం ఊరికే. అందుకు పెద్ద విద్య కూడా అక్కర్లేదు. ఆవిడ పెరట్లో రాలిన ఈక నేల మీద ఉండదు. లేచి వెళ్ళి, తాను రాలడానికి కారణం ఏదో దాని మీద వాలుతుంది. కోళ్ళు పడుకునే కర్ర మీద వాలిందా, పేలు పట్టినట్టు. కర్ర సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యాలి, కోళ్ళు పొర్లడానికి బూడిద కుప్ప పెట్టాలి. తవుడు డబ్బా మీద వాలితే తిండిలో బలం లేదు, చేప ముక్కలు కలపాలి. ఎక్కడా వాలక గాలిలోనే తిరుగుతుంటే అది ఏటా రాలే రాలుడే. మళ్ళీ అదే మొలుస్తుంది.

ఆవేళ ఆవిడ సొంత తెల్లపెట్టకే మెడ వెనక బోడి అయింది. ఈకలు తిన్నగా వెళ్ళి పుంజు తోక మీద కూర్చున్నాయి.

"దొంగ దొరికాడు వదినా!" అంది రొట్టెలమ్మే పక్కింటావిడ. "ముక్కుతో మెడ పట్టుకుని ఎక్కి తొక్కుతుంటే ఈకలు మిగుల్తాయా? ముందు వెధవని వేరే గూట్లో పడెయ్."

"పుంజు తిరగని పెరడేం పెరడే?" అంటూ దర్జీ ఆవిడ దళసరి గుడ్డ కత్తిరించి, రెక్కల కింద నాడాలు పెట్టి, పెట్ట వీపుకి తొడుగు కుట్టింది.

"వాణ్ణి కట్టెయ్యలేక దీనికి చొక్కా తొడిగావు. మగాడంటే నీ కత్తెరక్కూడా భయమేనా?"

దర్జీ ఆవిడ నవ్వేసింది. 

నిరుడు కూతురు అత్తారింటి నుంచి తల వెనక అరచేతంత బోడితో వచ్చినప్పుడూ ఆవిడ చేసింది ఇదే. "జుట్టు పట్టుకుని లాగుతాడమ్మా" అన్న పిల్లకి పూల అంచు తలగుడ్డ కుట్టిచ్చి, "కోపం దిగాక అన్నీ సర్దుకుంటాయి" అని బండెక్కించింది. మంచి గుడ్డ, రంగు వెలవదు. ఆ సంగతి చెప్పి మరీ పంపింది.

ఆ సాయంత్రం కూతురు మళ్ళీ వచ్చింది. తలగుడ్డ నిజంగానే వెలవలేదు. వెనకే మిఠాయి పొట్లంతో అల్లుడు.

"చిన్న మాటా మాటా, అంతే అత్తయ్యా," అన్నాడు పెరట్లో కుర్చీ లాక్కుని. "తను లేకపోతే ఇంట్లో వంటకి ఇబ్బంది."

కూతురు తలగుడ్డ విప్పి దువ్వుకుంది. ఊడిన వెంట్రుకలు లేచాయి.

సగం వెళ్ళి అల్లుడి పిడికిలి మీద వాలాయి. అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ సగం సంగతి దర్జీ ఆవిడకి ఎప్పుడో తెలుసు. మిగతా సగం కాసేపు తారట్లాడి, ఇటు తిరిగి, సూది పట్టుకున్న ఆవిడ చేతి మీదికే వచ్చి కూర్చున్నాయి. దులిపింది. మళ్ళీ వచ్చాయి.

ఆవిడ లేచి పుంజుని పట్టుకుని, పక్క గూట్లో వేసి గడియ పెట్టింది.

"మీరు వెళ్ళండి బాబూ. పిల్ల రాదు."

"రేపొస్తుందా?"

"రేపు మీరూ రావద్దు. ఆ పొట్లం పట్టుకెళ్ళండి, వంటకి ఇబ్బందన్నారుగా."

గేటు మూశాక కూతురు, "ఈ మాట నిరుడు కూడా నీకు చాతనయ్యేదేగా అమ్మా," అంది. ఆ మాటలో కోపం లేదు.

తెల్లపెట్టకి తొడుగు విప్పేశారు. మెడ మీద ముళ్ళలా కొత్త ఈకలు పొడుచుకొచ్చాయి. పిల్ల తలకీ నూగు మొలిచింది, బొటనవేలంత చోట తప్ప. అది నిరుడు తల్లి తిప్పి పంపాక ఊడిన చోటని పిల్లే చెప్పింది.

రోజూ అక్కడ తనే నూనె రాసుకుంటుంది. తల్లి దగ్గరికొచ్చి, "నేను రాయనా?" అంటే, ఆ చేతిని ఇంకా అంటిపెట్టుకునే ఉన్న వెంట్రుకల వంక చూస్తుంది.

"నీ చెయ్యి ఖాళీ అయ్యాక రాద్దువులే అమ్మా."