మూడో నీళ్లు

హేమావతి ఎర్రగడ్డలు ఒలుస్తోంది. పెరట్లో కరివేపాకు చెట్టు నీడన కూర్చుంది. కళ్లు మండుతున్నా తుడుచుకోవడం లేదు, చేతులు ఇంకా ఘాటుగా ఉన్నాయి కాబట్టి. రెండడుగుల దూరంలో అత్త నాగలక్ష్మమ్మ సత్తు బేసిన్ ముందు వంగి కోడిమాంసం కడుగుతోంది. ఆదివారం. ముదిగుబ్బలో వాళ్ల సంగటి హోటలుకు ఆదివారం పన్నెండు కొట్టకముందే జనం వస్తారు. హోటలంటే పెద్దదేం కాదు. ఇంటి ముందర రేకులు దించి వేసిన నాలుగు బల్లలు, వెనక ఈ పెరడే వంటిల్లు.

ఆ ఇంట్లో నీళ్లు ఒక్క పనితో అయిపోవు. కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది, వచ్చినా గంట సేపే. అందుకే నాగలక్ష్మమ్మ ప్రతి చెంబుకూ ఒక దారి ఏర్పరిచింది. బియ్యం కడిగిన నీళ్లు కుడితిగా ఎనుముకు. కోడి కడిగిన మొదటి నీళ్లు, ఎర్రగా ఉండేవి, కరివేపాకు చెట్టుకు. రెండోవి మునగచెట్టుకు. మూడోసారి కడిగేసరికి బేసిన్ అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. ఆ మూడో నీళ్లు పారబోయడానికి ఆమెకు చేతులు రావు. వాటిలోనే కొత్తిమీర కట్టలు ముంచి తీస్తుంది, కీరకాయలు కడుగుతుంది, ఒలిచిన ఎర్రగడ్డలు జాడిస్తుంది. ఆ తర్వాతే అవి చెట్టుకు చేరతాయి.

హేమావతి ఈ ఇంటికి వచ్చి రెండేళ్లు. ఆమె పుట్టింది కంబదూరు పక్క పల్లెలో. అక్కడా నీళ్లకు ఇదే గతి కాబట్టి ఇదేం వింతగా తోచలేదు. పైగా ఆమె చూస్తుందే కానీ మాట్లాడదు. మొగుడు శశి అప్పుడప్పుడు, "నీకు నోరుండాదని పెండ్లి పీటల మీద ఒకసారి విన్నా, మళ్లా వినలే" అని ఎగతాళి చేస్తాడు.

పన్నెండున్నరకు జయరాజు వచ్చాడు. బస్టాండు దగ్గర కుట్టు మిషను పెట్టుకున్న మనిషి, యాభై దాటాయి. భార్య కూతురి కాన్పుకని ధర్మవరం పోయినప్పటి నుంచి మధ్యాహ్నం తిండి ఇక్కడే. ఈస్టరుకు ముందు నలభై దినాలు మాంసం ముట్టకూడదని నియమం పెట్టుకున్నాడు.

"ఏమప్పా జయరాజూ, ఇంకా ఎన్ని దినాలు?" అంది నాగలక్ష్మమ్మ, పొయ్యి దగ్గర నుంచే.

"ఇరవై ఒకటక్కా. నీ కోడికూర వాసనకు ఒక్కో దినం రెండు దినాలయితాండాది."

"నా చేతి కూర వదిలిపెట్టి దేవున్ని మెప్పిస్తాండావా?"

"కష్టంగా ఉండేది వదిలిపెడితేనే కదక్కా! పాలకూర పప్పు వదిలిపెట్టినానంటే ఆయన నమ్ముతాడా?"

బల్లల దగ్గర అందరూ నవ్వారు. జయరాజు హేమావతి వైపు తిరిగి, "హేమమ్మా, ఇంకో పిడికెడు ఎర్రగడ్డలు ఎయ్యి తల్లీ. ఇప్పుడు నాకవే ముక్కలు" అన్నాడు.

నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లిన ఎర్రగడ్డ ముక్కలు ఆమె వేసింది. పక్కవాళ్లు ఒకటీ అరా నంజుకుని వదిలేశారు. జయరాజు మాత్రం సంగటి, పప్పుతో మూడుసార్లు వేయించుకున్నాడు.

సోమవారం పొద్దు గూకే వేళకు అతనికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. శశి బండి మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోతే, రెండడుగులకొకసారి దిగాల్సి వచ్చింది. మనిషి పీచులాగా అయిపోయాడు. ఆ పూటే సెలైను పెట్టారు.

మంగళవారం పొద్దున హేమావతి క్యారియర్‌లో గంజి పట్టుకుపోయింది. ఆమె మంచం పక్కన నిలబడి ఉండగానే డాక్టరమ్మ వచ్చింది.

"ఆదివారం ఏం తిన్నారు?"

"సంగటి, పప్పు మేడమ్. మాంసం ముట్టే దినాలు గావు నాకు."

"బయట ఇంకేమన్నా?"

"బస్టాండులో షోడా తాగినా. అదే అయ్యుంటాది. మా అక్క హోటలు అన్నం మాత్రం గాదు. ఆయమ్మ ఎంత శుద్ధంగా పెట్టుకుంటాదో ఊరంతా చెప్తాది." ఎండిన పెదాలతో హేమావతిని చూసి నవ్వాడు.

"పచ్చివి ఏమన్నా తిన్నారా? ఎర్రగడ్డ, కొత్తిమీర, కీర?"

"ఎర్రగడ్డలు బాగా తినినా మేడమ్."

డాక్టరమ్మ చీటీ రాస్తూనే చెప్పింది. "మాంసం తినకపోయినా ఇది వస్తుంది. పచ్చి మాంసం తగిలిన కత్తి, పీట, చెయ్యి, నీళ్లు, ఏదన్నా సరే పచ్చి కూరగాయకు తగిలితే క్రిములు దానికి అంటుకుంటాయి. కంటికి కనపడవు. కూరయితే ఉడుకుతుంది, చచ్చిపోతాయి. ఎర్రగడ్డ ముక్కను ఎవరు ఉడకబెడతారు?"

బేసిన్‌లో అడుగు కనిపించే ఆ తేట నీళ్లు హేమావతి కళ్ల ముందుకు వచ్చాయి. ఇంటికి పోయేదాకా దారిలో ఎవరు పలకరించారో ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని, చాలాసేపు మాట కూడగట్టుకుని అడిగింది. "అత్తా, ఎర్రగడ్డలు వేరే నీళ్లతో కడుగుదామా?"

"ఏమిటికి?"

"కోడి కడిగిన నీళ్లు తగిలితే రోగమొస్తాదంట. డాక్టరమ్మ చెప్పె."

"వేరే నీళ్లు యాడుండాయే? మీ పుట్టింటోళ్లు కడవలతో మోసి పంపుతారా?"

"జయరాజన్నకు..."

"ఆయప్ప కోడిముక్క నోట్లో పెట్టలే. పెట్టినోళ్లు ముప్పైమంది గుండ్రాయి మాదిరి తిరుగుతాండారు. తిననోనికి మన కోడి యెట్ల తగులుతాది? షోడా తాగినానని ఆయప్పే చెప్తాండాడు. ఇరవై ఏండ్ల నుంచి వండుతాండా, ఒక్కరికి కడుపు నొచ్చిందని వినలే. నువ్వొచ్చి రెండేండ్లే అయ్యె, నాకు నేర్పుతావా?"

కానీ ఆ రోజు నుంచి హేమావతి, అత్త అటు తిరగ్గానే, తన స్నానానికి పెట్టుకున్న బిందెలోంచి రెండు చెంబులు తీసి ఎర్రగడ్డలు మళ్లీ కడిగేది. తాను తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. శశి చూసీ చూడనట్టు పోయేవాడు.

ఇట్లా రోజూ పది మందికి సరిపెట్టొచ్చు. వచ్చే ఆదివారం మాత్రం సరిపెట్టడం కుదరదు. వాళ్ల వీధి చివర అంగడి పెట్టుకున్న లక్ష్మీపతి మనవడికి పుట్టెంట్రుకలు తీస్తున్నారు. అరవై మందికి వంట వీళ్లకే ఒప్పజెప్పాడు. వియ్యంకులు కణేకల్ నుంచి వస్తున్నారు. చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్లు, ఏడో నెల గర్భిణి అయిన అతని రెండో కూతురు, అందరూ తింటారు. పది కిలోల ఎర్రగడ్డలు, గంపెడు కీరకాయలు, పెరుగు పచ్చడి. రెండు చెంబుల నీళ్లతో దాచిపెట్టే పని కాదు. ఒక్క మనిషి మూడు పిడికిళ్లు తింటేనే అట్లా పడిపోయాడు. అరవై మంది ఒక్కసారి పడిపోతే? శనివారం జయరాజు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడని తెలిసినా ఆమెకు భయం తగ్గలేదు.

ఆదివారం తెల్లవారకముందే శశి వేటమాంసం, కోళ్లు తెచ్చాడు. నాగలక్ష్మమ్మ కొంగు బిగించి బేసిన్ ముందు కూర్చుంది. మొదటి నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాయి. రెండోవి మునగచెట్టుకు పోయాయి. మూడో నీళ్లతో కోడి కడిగి, మాంసం గంగాళంలోకి ఎత్తింది. బేసిన్‌లో నీళ్లు తేటగా నిలిచాయి.

"ఆ కొత్తిమీర ఇట్లందుకో" అంది చెయ్యి చాపి.

హేమావతి కొత్తిమీర అందించలేదు. వచ్చి బేసిన్ రెండు అంచులూ పట్టుకుని ఎత్తింది. అది బరువు. నీళ్లు తొణికి పాదాల మీద పడ్డాయి. చెట్టు దాకా మోసుకుపోయి మొత్తం వంచేసింది.

నాగలక్ష్మమ్మ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. డ్రమ్ములో మిగిలినవి సగం. కొళాయి మంగళవారానికి గానీ రాదు.

"జారిందా?" అంది చివరికి. జారిందని చెబితే తిట్టి ఊరుకునేదే.

"జార్లేదత్తా. నేనే పోసినా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? అరవై మందికి వంట ముందర పెట్టుకుని నీళ్లు పారబోస్తావా? శశీ, చూడురా నీ పెండ్లాన్ని!"

శశి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. హేమావతి ఆగలేదు. "జయరాజన్న కోడి తినలేదు కాబట్టే పడినాడత్తా. తినినోళ్లది ఉడికిన కోడి, వాళ్లకేం గాలే. ఆయన తినింది ఉడకనిది. ఎర్రగడ్డలు. ఆ నీళ్లలో మనం జాడించినవి."

"షోడా..."

"నలభై దినాలు మాంసం ముట్టనని దేవునికి మాటిచ్చుకున్న మనిషి అత్తా. ఆయన ఆకులో కోడి కడిగిన నీళ్లు పెట్టినాం మనం. ఆయనేమో మంచంలో పండుకోని కూడా, మా అక్క శుద్ధంగా పెట్టుకుంటాదని డాక్టరమ్మతో చెప్తాండాడు."

నాగలక్ష్మమ్మ చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది. క్రిములంటే ఆమె నమ్మేదో లేదో, ఇది మాత్రం తగిలింది. ఒక్క నిమిషంలోనే మనిషి ముసలిదైపోయినట్టు కనిపించింది. చెట్టు మొదట్లో ఇంకిపోతున్న నీళ్లనే చూసింది.

తర్వాత లేచింది. కోడి కోసిన ఈలపీట తీసి పొయ్యి మీది మరిగే నీళ్లు దాని మీద పోసింది. సబ్బుతో మోచేతుల దాకా తోముకుంది. "ఏరా, మాను మాదిరి నిలబడినావే?" అని కొడుకును అరిచింది. "ఫిల్టర్ నీళ్లు నాలుగు క్యాన్లు పట్టుకురా. నువ్వు ఆ ఎర్రగడ్డలు ఎత్తుకోని వాకిట్లోకి పోవే. పక్కింట్లో ఈలపీట అడుగు. మాంసం ఈడ, పచ్చివి ఆడ. మాంసం ముట్టిన చెయ్యి ఆ పక్కకు రాకూడదు, నాదైనా సరే."

హేమావతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఎర్రగడ్డల మీదికి తోసేసింది.

ఆ రోజు నాగలక్ష్మమ్మ కూర దించే ముందు గంగాళం అడుగు నుంచి ముక్కలు తీసి ఎముక దగ్గర విరిచి చూసింది. ఒక ముక్కలో ఎరుపు జీర కనిపిస్తే మళ్లీ మూత పెట్టి మంట పెంచింది. లక్ష్మీపతి ఆలస్యమవుతుందని రెండుసార్లు ఫోన్ చేస్తే, "పచ్చికూర తింటారా, రవ్వంత ఆగుతారా?" అని పెట్టేసింది.

విందు అయిపోయింది. అయినా హేమావతికి గండం గడవలేదు. జయరాజుకు మరుసటి రోజు సాయంత్రం కదా మొదలైంది! సోమవారమంతా ఫోన్ మోగితే చాలు ఆమె చేతిలో పని ఆగిపోయేది. అత్త కూడా ప్రతిసారీ తల ఎత్తి చూసేది.

మంగళవారం పొద్దున లక్ష్మీపతి ఖాళీ గంగాళాలు ఆటోలో వేసుకుని వచ్చాడు. దించి, కండువాతో ముఖం తుడుచుకుని, గంభీరంగా నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట చెప్పల్ల. ఏమనుకోవద్దు."

నాగలక్ష్మమ్మ గుంజ పట్టుకుంది. "చెప్పప్పా."

"మా వియ్యంకునికి బాగలేదు."

హేమావతి చేతిలో పని వదిలి గడప దాకా వచ్చింది.

"మొగం ఇంత చేసుకోని ఊరికి పోయినాడు. వాళ్ల తమ్మునికి మూలుగ ఎముక పడిందంట, ఆయనకు పడలేదంట. పెద్దమనిషిని చిన్నచూపు చూసినారని నిన్నంతా ఫోన్లో అదే రంపం."

"అంతేనా?" అంది నాగలక్ష్మమ్మ.

"అంతేనా అంటావేమక్కా? నా కూతురు ఆ ఇంట్లో కాపురం చెయ్యల్ల!"

"కడుపులు? అందరికీ కడుపులు బాగుండాయా? నీ రెండో కూతురు?"

"కడుపులకేమి! పొద్దున్నే మిగిలిన కూర యాడ పెట్టినారని మా ఇంట్లో కొట్లాట. మిగిలిందే లేదు, నువ్వు అంతా పంచమంటివంటనే. దానికీ నన్నే తిడతాండారు."

నాగలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. హేమావతి అప్పటికే గడప మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆమె నవ్వు ఆ వాకిట్లో అంత గట్టిగా ఇంతకు ముందెవరూ వినలేదు. లక్ష్మీపతి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీకు నవ్వుగా ఉండాదా? వియ్యంకుడు ఉంటే తెలుస్తాది" అని గొణుక్కుంటూ ఆటో ఎక్కాడు.

నవ్వు మెల్లగా తగ్గింది. కొళాయి వచ్చినట్టుంది, వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. హేమావతి కళ్లు తుడుచుకుని బిందెలు తీయబోయి, అత్తను చూసి ఆగింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. అరుగు మీద కూర్చుని ఎదురుగా ఉన్న జయరాజు కూర్చునే బల్ల వైపు చూస్తోంది. అతను ఇంకా తినడానికి రావడం లేదు. షోడా వాణ్ని మాత్రం నిన్న బస్టాండులో నలుగురి ముందర గట్టిగా తిట్టాడని శశి చెప్పాడు.

"షోడా కాదని జయరాజన్నకు చెప్పల్ల గదా, నేను కూడా రానా అత్తా?" అంది హేమావతి మెల్లగా.

నాగలక్ష్మమ్మ లేచి ముఖం కడుక్కుంది. కొంగు భుజాల నిండా కప్పుకుంది, చెప్పులు వేసుకుంది. ఒక్కతే గడప దాటి, జయరాజు ఇల్లున్న చర్చి సందు వైపు నడిచింది.