గుంత జరిపిన రోజు

ఒకే ఒక్క ఇనుప గొట్టంతో, ఒకే ఊపులో, ఐదుగురు కౌన్సిలర్లను మట్టి కరిపించిన మొనగాడు భూమ్మీద ఒక్కడే. వాడు మా గడ్డి మేస్త్రి. నమ్మనివాళ్ళు కాస్త దగ్గరికి జరిగి వినండి.

మేస్త్రి పనిచేసేది నగరపాలక సంస్థ గోల్ఫ్ మైదానంలో. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే మొదటి పని ఒకటే. పదునైన అంచున్న గొట్టాన్ని పచ్చికలోకి దించి, తిప్పి, మట్టిముద్దతో సహా పైకి లాగుతాడు. అక్కడ బంతి పడాల్సిన కొత్త గుంత తయారు. ఆ ముద్దను నిన్నటి గుంతలో పెట్టి అరికాలితో అదిమితే అతుకు కూడా కనపడదు. ఆటగాళ్ళ తొక్కుడంతా ఒక్కచోటే పడకుండా గడ్డికి అదే వైద్యం.

ఇది గిట్టనివాడు కౌన్సిలర్‌గా ఉన్న పళ్ళ డాక్టరు. ఆయన కొట్టిన బంతి ఏనాడూ గుంత మొహం చూడలేదు. "రోజూ జరిపేస్తుంటే ఎలా పడుతుందయ్యా?" అని గగ్గోలు పెట్టాడు. ఆయనతో సహా మైదానాన్ని పర్యవేక్షించే కౌన్సిలర్ల కమిటీ ఐదుగురూ చేతులెత్తి తీర్మానించారు: అనుమతి లేకుండా గుంత కదపరాదు. కమిటీ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడు.

మూడు నెలలు గుంత ఉన్నచోటే ఉంది. చుట్టూ పచ్చిక చచ్చి, బట్టతల మీద పుండులా తయారైంది. అప్పుడు దిగింది కమిటీ, తనిఖీకి.

"ఏమనుకోకు బావా," అంటూ బామ్మర్ది కాగితం తీశాడు. "గడ్డిని చంపినందుకు నిన్ను పనిలోంచి తీసేస్తున్నాం. సంతకాలే మిగిలాయి."

"చంపింది మీ తీర్మానంరా! కాళ్ళు కట్టేసి, పరిగెత్తలేదని తన్నినట్టుంది."

"నోరు మూయ్!" డాక్టరు మేస్త్రి చెంప ఛెళ్ళుమనిపించాడు.

మేస్త్రి తలతో ఒక్క కుమ్ము కుమ్మాడు. మత్తుసూది లేకుండానే డాక్టరు పళ్ళు మూడు గడ్డిలో రాలాయి. కమిటీలోని కాంట్రాక్టర్లిద్దరూ ఆటకర్రలు ఎత్తారు. పెద్దవాడి దెబ్బకు మేస్త్రి పక్కటెముక పటుక్కుమంది. మేస్త్రి గొట్టం తిప్పి కొడితే వాడి మోకాలు పగిలింది. చిన్నవాడు తల గురిచూసి విసిరిన దెబ్బను మేస్త్రి వంగి తప్పించుకున్నాడు. అది లేవబోతున్న డాక్టరు భుజం మీద పడి ఎముక విరిచింది.

"ఆగండి, చట్ట ప్రకారం..." అన్న ఐదో సభ్యురాలు లాయరమ్మ మొహం మీద ఎవరి మోచెయ్యో తగిలింది. ఆవిడ ముక్కు తుడుచుకుని, గుంతలోని జెండా కర్ర పీకి, "చట్టం తర్వాత!" అంటూ చిన్న కాంట్రాక్టర్ మణికట్టు విరగ్గొట్టింది.

ఐదుగురిని ఒకే ఊపులో అన్నాను కదూ? ఇప్పటికి లెక్క చూస్తే మేస్త్రి వాటా ఒకటిన్నర. పోనిద్దురూ.

వెనకనుంచి బామ్మర్ది కొట్టిన దెబ్బకు మేస్త్రి నెత్తి చిట్లింది. కళ్ళలోకి నెత్తురు దిగుతుండగానే వాణ్ణి కాలరు పట్టి పడేసి, రొమ్ము మీద మోకాలేసి, గొట్టం రెండు చేతులా పైకెత్తాడు.

"బావా! అక్క మొహం చూడు బావా!"

"ఆ మొహం చూసే కదరా ఇన్నాళ్ళు ఊరుకుంది!"

గొట్టం దిగింది. బామ్మర్ది చెవి తమ్మెను కోసుకుంటూ పచ్చికలో దిగబడింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, దిగిన గొట్టాన్ని చెయ్యి ఊరికే వదల్లేదు. తిప్పింది, లాగింది. తెల్లటి గడ్డివేళ్ళతో మట్టిముద్ద వచ్చింది. మేస్త్రి తూలుతూ వెళ్ళి దాన్ని పాత గుంతలో పెట్టి, అరికాలితో అదిమాడు.

బామ్మర్ది పడుకునే తల తిప్పి చూశాడు. తన పక్కనే గుండ్రటి కొత్త గుంత, చుట్టూ పచ్చగా గడ్డి.

"ఇంతేనా బావా నువ్వు రోజూ చేసేది?"

"ఇంతే."

బామ్మర్ది లేవకుండానే గొంతు సవరించుకున్నాడు. "పాత తీర్మానం రద్దు, మేస్త్రి పనిలోనే ఉంటాడు. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

తనూ లాయరమ్మా ఎత్తారు.

"కాదనేవాళ్ళు?"

డాక్టరుకు భుజం లేవలేదు. ఒక కాంట్రాక్టర్ రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు, రెండోవాడు మణికట్టు. వ్యతిరేకత సున్నా. తొలగింపు కాగితం నెత్తురు పీల్చి, సంతకానికి చోటు లేకుండా ఎర్రబడింది.

ఇందులో చెవి తెగడం ఒక్కటే నేను కల్పించింది. తెగితే కథ బాగుంటుందని తెంపాను. గొట్టం జానెడు దూరంలోనే దిగింది. కాగితం పీల్చింది మేస్త్రి నెత్తురు. అంబులెన్సు వచ్చేదాకా ఆ కాగితాన్ని బావ తలకు అదిమి పట్టుకుని కూర్చున్నది బామ్మర్దే.