ఇత్తడి సవతి బిళ్ళ

ఈరమ్మ పిసినారి అంటే పిసినారులకు కోపం వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఊరికే పారబోయని మనిషి. అలాంటావిడ చచ్చిపోయిన కోడలి పేరున బంగారం కొంటుందా? కొనదు. కొనలేదు కూడా. ఈ కథంతా అక్కడే మొదలైంది.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, పోయినామె పేరున గోరంత బంగారు బిళ్ళ చేయించి రెండో ఆమె మెడలో పుస్తెల పక్కనే గుచ్చుతారు. దాన్ని సవతి బిళ్ళ అంటారు. కొత్త చీర ముందు ఆ బిళ్ళకు తాకించాలి, ఆ తర్వాతే కట్టుకోవాలి. పోయినామెకు మెడలోనే చోటు దొరుకుతుంది గనక ఇంటి మీద పడదని నమ్మకం. ఆ బిళ్ళను ఆమె ఒంటి మీది సొమ్ముతో చేయించాలి, అది లేకపోతే ఇంటివాళ్ళే బంగారం పెట్టి చేయించాలి, అందులో రాజీ లేదు.

మరి ఆ పోయిన కోడలు అనుపమ ఒంటి మీది సొమ్ము ఏదీ? డెంగీ జ్వరం వచ్చి ఆమె పోయిన పదకొండో రోజునే తల్లిగారివాళ్ళు వచ్చి, తాము పెట్టిన బంగారం తాము పట్టుకుపోయారు. మిగిలినవి బీరువా కింది అరలో నీలం మఖ్మల్ డబ్బాలు, పద్దెనిమిది. అన్నీ టీవీలో చూసి, ఫోన్ చేసి తెప్పించుకున్న ఒక గ్రాము బంగారం నగలు. లోపలంతా ఇత్తడి, పైన పూత.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో, రెండు వేల తొమ్మిదీ పదీ ఆ రోజుల్లో, మధ్యాహ్నం రెండు కొట్టేసరికి గల్లీలోని ఆడవాళ్ళంతా అనుపమ ఇంట్లో చేరేవాళ్ళు. టీవీలో నగల కార్యక్రమం వచ్చేది. పట్టుచీర కట్టిన యాంకరమ్మ మెడను అటు తిప్పి ఇటు తిప్పి, లాకెట్ కింద రెండు వేళ్ళు ఆనించి, "ఇంకా పన్నెండు సెట్లే మిగిలాయండీ, తొందరగా కాల్ చెయ్యండి" అనేది. కింద ఫోన్ నంబరు పరుగెత్తేది. అదే సమయానికి ఇంటి మీదుగా విమానం పోతే ధర వినిపించేది కాదు, అందరూ కలిసి ఆ విమానాన్ని తిట్టేవాళ్ళు. నిజం బంగారం అందనివాళ్ళకు ఆ గంటసేపు మెడ నిండిపోయేది.

శంషాబాద్‌కు దగ్గర్లోని కందుకూరులో అన్న ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ రేఖ కూడా అదే కార్యక్రమం చూసేది. పచ్చరాళ్ళ తామరపువ్వు హారం ఒకటి చూసి మనసు పారేసుకుంది గానీ ఫోన్ చేసే ధైర్యం ఎక్కడిది? పిల్లలు పుట్టరని దవాఖానలో చెప్పగానే మొదటి మొగుడు తెచ్చి వదిలేసిన మనిషి ఆమె. అన్న శ్రావణ్‌కుమార్ బంగారంలాంటివాడే, కానీ ఎంత మంచి అన్నయినా అడిగే నోరు లేకపోయింది. రెండేళ్ళకు ఆ కార్యక్రమమే ఆగిపోయింది. ఇప్పుడు ఆ చానల్‌లో మిక్సీలు అమ్ముతున్నారు.

రెండు వేల పన్నెండులో ఆమెను ఈరమ్మ కొడుకు అరుణ్‌కుమార్‌కిచ్చి చేశారు. అతను ఏర్‌పోర్టులో క్యాబు నడుపుతాడు. కాపురానికొచ్చిన మూడోనాడు బీరువా సర్దుతుంటే ఆ తామరపువ్వు హారమే రేఖ చేతికొచ్చింది. ఎందుకో తెలియదు, అక్కడే కూర్చుని ఏడ్చింది. అనుపమ మీద కోపం కాదు అది. తనలాగే ఒకతె, అదే గంటకు, అదే పువ్వును చూసి మురిసిపోయిందనే దిగులు.

అరుణ్‌కుమార్‌కూ అనుపమకూ పుట్టిన పిల్ల లహరి. ఎనిమిదేళ్ళది. తనకు కడుపు పండదని తెలిసిన రేఖకు ఆ పిల్ల మీదే ప్రాణమంతా. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ పిల్ల నోటి నుంచి అమ్మా అనే పిలుపు వినాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఆ పిల్లేమో ఏడాది గడిచినా రేఖతో పెదవి విప్పలేదు. జడ వేస్తే వేయించుకుంటుంది, పెడితే తింటుంది, చూపు మాత్రం గోడ మీద.

"అమ్మా అనకుంటె పాయె, పిన్నీ అను బిడ్డా," అని రేఖ బతిమాలేది. పిల్ల పలక తీసుకుని నాయనమ్మ దగ్గరికి పోయేది.

పక్కింటి దుర్గవ్వ ఊరుకునే మనిషి కాదు. "ఈరక్కా, సవతి బిళ్ళ కట్టియ్యక ఏడాదాయె. గందుకే పిల్ల దగ్గరికి రాదు," అని గుమ్మంలో నిలబడి నలుగురూ వినేలా అంది. బంగారం ధర దిగనీ, చేయిస్తానని ఈరమ్మ ఏడాదిగా సాగదీస్తోంది. రెండు వేల పదమూడు ఏప్రిల్‌లో బంగారం దిగింది గానీ ఈరమ్మ దిగలేదు. తామరపువ్వు హారం కొంగులో కట్టుకుని, రేఖను వెంటబెట్టుకుని, పాత బజారులో కంసాలి రామచంద్రయ్య దగ్గరికి పోయింది.

"గామె సొమ్మే గిది. పాణం లెక్క సూసుకునేది. ఒక రెక్క కోసి బిళ్ళ జెయ్యి," అంది.

రామచంద్రయ్య హారాన్ని వేలి మీద తూచి నవ్వాడు. "ఇత్తడికి ఎన్ని పుటాలు పెట్టినా పుత్తడి గాదు, ఈరవ్వా. బంగారమైతే పోయినామె వచ్చి కూసుంటది. గీ ఇత్తడిల ఎవరొచ్చి కూసుంటరో నాకెర్క లేదు."

"ఎవరో ఒకరు కూసుంటరు తీ. మెడల ఏలాడితె సాలు."

ముసలాయన ఇక వాదించలేదు. తామరరెక్క కోసి, అంచులు ఆకురాయితో రాకి, రంధ్రం వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి దీపం పెట్టి, రేఖ దాన్ని పుస్తెల తాడుకు గుచ్చుకుంది. చల్లగా తగిలింది, ఎంతసేపటికీ ఒంటి వేడి ఎక్కలేదు.

మర్నాడు ఎండాకాలం సెలవుల్లో మొదటి రోజు. మధ్యాహ్నం రేఖ బట్టలు మడత పెడుతోంది. గడియారం రెండు కొట్టింది. మడిచే చెయ్యి మధ్యలో ఆగి, దానంతటదే లేచి, రెండు వేళ్ళూ బిళ్ళ కింద ఆనుకున్నాయి. మెడ ఎడమకు తిరిగింది. కాసేపాగి కుడికి తిరిగింది.

"చూశారు కదండీ, ఎంత నాజూగ్గా ఉందో," అంది రేఖ నోరు.

అది తన గొంతు కాదు. కందుకూరు మట్టిలో పుట్టి పెరిగిన నోటికి ఆ యాస ఎక్కడినుంచి వస్తుంది? నోరు మూసుకోబోయింది, మూతపడలేదు. పెదవులు నవ్వుతూ అలాగే ఉండిపోయాయి. తలుపు దగ్గర లహరి నిలబడి ఉంది. ఆ పిల్ల మెల్లగా వచ్చి, టీవీ ముందు కూర్చున్నట్టు రేఖ ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఇంకోటి చూపియ్యి," అంది.

ఏడాదిగా ఎదురుచూసిన గొంతు. భయం ఎక్కువో సంతోషం ఎక్కువో తేల్చుకోలేక రేఖ లేచి నీలం డబ్బాలు తెచ్చింది. ఒక్కొక్క నగా తీసి మెడకు ఆనించుకుంటుంటే ఆ నోరు చెప్పుకుపోయింది. ఏ హారానికి ఎన్ని రాళ్ళో, ఏ కమ్మల వెనక మరలు ఎలా తిరుగుతాయో, సెంటు తగలకుండా దూదిలో ఎలా దాచాలో. అవేవీ రేఖకు తెలిసిన సంగతులు కావు. మూడు కొట్టగానే గొంతు విడిచిపెట్టింది, రేఖ చెంబెడు నీళ్ళు గటగటా తాగింది.

రోజూ అదే తంతు. మూడో రోజు పిల్ల దగ్గరికి జరిగింది. ఐదో రోజు ఒళ్ళో తల పెట్టుకుంది. ఆరో రోజు కళ్ళు మూసుకుని, "అమ్మా, ముత్యాలది చెప్పు," అంది.

రేఖకు బావురుమనాలనిపించింది. కానీ ముఖం నవ్వుతూనే ఉంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా పెదవులు మాత్రం ముత్యాల సెట్టు గురించి చెబుతూనే ఉన్నాయి.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. గల్లీలో అనుపమను పొగడనివాళ్ళు లేరు. ఆమే మెడలోకి వచ్చిందని చూడటానికి ఒకరోజు దుర్గవ్వ వచ్చి కూర్చుంది. మూడు కొట్టేదాకా ఆగి, రేఖను పెరట్లోకి పిలిచింది.

"అనుపమ గిట్ల మాట్లాడలే, పిల్లా. గామెది మన లెక్క మొరటు నోరు, గల్లీ చివరిదాంక ఇనొస్తుండె. గీ గొంతు గామెది గాదు."

ఆ సాయంత్రం రేఖ పిల్లను దగ్గరికి తీసుకుని అడిగింది. "లహరీ, మీ అమ్మ గొంతు గిట్లనే ఉంటుండెనా?"

"ఆఁ. నేను ఒళ్ళె పండుకుంటె గిట్లనే ఇనపడ్తుండె," అంది లహరి.

రేఖకు అప్పుడర్థమైంది. అప్పట్లో నాలుగేళ్ళ పిల్ల రోజూ రెండింటికి తల్లి ఒళ్ళో కళ్ళు మూసుకుని పడుకునేది. ఆ గంటసేపు మాత్రం తల్లి నోరు మెదపకుండా టీవీ చూసేది. పిల్ల చెవిలో పడిందంతా టీవీలోని ఆమె గొంతు. తల్లి పోయాక ఆ చిన్న బుర్రలో మిగిలిన అమ్మ గొంతు అదొక్కటే. ఇత్తడి బిళ్ళలో వచ్చి కూర్చున్నది అనుపమ కాదు, ఆ హారాన్ని టీవీలో అందరికంటే ముందు మెడలో వేసుకున్న ఆ యాంకరమ్మ. ఆమె బతికుందో లేదో, పేరేమిటో, ఊరేమిటో ఎవరికీ తెలియదు.

మెల్లగా గొంతు గంట దాటింది. మూడు కొట్టినా పోలేదు. ఓ సాయంత్రం అరుణ్‌కుమార్ డ్యూటీ నుంచి రాగానే, "భోజనం వడ్డించమంటారాండీ?" అంది.

"ఏందే, నీగ్గూడ ఏర్‌పోర్టుల నౌకరి దొరికిందా?" అని అతను పడీ పడీ నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఒక పొద్దున పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా, రేఖ వంటింటి గోడకేసి చూసి నవ్వుతూ, ఇంకా నాలుగు సెట్లే మిగిలాయండీ అని చెబుతుంటే అతనికి నవ్వు రాలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని తల్లిని జన్మలో మొదటిసారి తిట్టాడు. తన వేలి ఉంగరం తీసి రామచంద్రయ్యకు ఇచ్చి, నిజం బంగారంతో బిళ్ళ చేయించుకొచ్చాడు.

శుక్రవారం తలస్నానం చేశాక రామచంద్రయ్యే ఇంటికొచ్చి ఇత్తడి బిళ్ళ తీయించి, బంగారు బిళ్ళ గుచ్చించాడు. పాతదాన్ని పసుపు గుడ్డలో చుట్టి రేఖ చేతిలో పెట్టాడు.

"సోమవారం పారే నీళ్ళల్ల ఇడువుండ్రి. అప్పటిదాంక జాగ్రత్త, బిడ్డా. అప్పుడు తెలువక కట్టుకున్నవు. మల్ల కట్టుకుంటె నువ్వే పిలిచి కూసోబెట్టినట్టు. ఇగ లేవది."

"అత్తమ్మా, ఆకలైతుంది," అంది రేఖ. తన గొంతు తన చెవికి వినిపించగానే ప్రాణం లేచొచ్చింది. ఆకలి లేకపోయినా ఆ మాటే మళ్ళీ అంది.

రెండింటికి లహరి వచ్చి ఎదురుగా కూర్చుంది. రేఖ ప్రేమగా డబ్బా తెరిచింది. "గిది చూడు బిడ్డా, ముత్యాల సెట్టు. ఎంత ముద్దుగుందో." లహరి ఆమె నోటికేసి చూసింది. తర్వాత ఆమె వెనక్కి తొంగి చూసింది, అక్కడెవరో ఉండాల్సినట్టు.

"మా అమ్మేది?" అంది.

"నేనే గద బిడ్డా."

పిల్ల లేచి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. శనివారం జడ వేయించుకోలేదు. తండ్రి బతిమాలినా, నాయనమ్మ కసిరినా నోరు విప్పలేదు, బీరువాకు చెవి ఆనించి కూర్చుంది. తల్లిని రెండోసారి పోగొట్టుకున్న పిల్లను చూస్తూ రేఖ కుమిలిపోయింది. తన గొంతు తనకుంది, అది ఎవరికి కావాలి? ఈ ఇంట్లో ఆ గొంతు కోసం ఎదురుచూసేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అరుణ్‌కుమార్ ఉన్నాడు, అది ఆమెకూ తెలుసు. అతను మంచివాడే. కానీ అతను తనను అమ్మా అని పిలవలేడు గదా.

ఆదివారం అరుణ్‌కుమార్ ఆరాంఘర్ దాకా సవారీ తీసుకుపోయాడు. ఈరమ్మ నిద్రపోతోంది. రేఖ పసుపు గుడ్డ విప్పింది. ముసలాయన మాట గుర్తుంది, ఒక్క ముక్క మరిచిపోలేదు. బంగారు బిళ్ళ తీసి, ఇత్తడి బిళ్ళను తన చేతులతో తనే గుచ్చుకుంది. గడియారం వైపు కూడా చూడలేదు. లహరి పిలవకుండానే వచ్చి ఒళ్ళో పడుకుంది.

ఫోన్ మోగింది. కందుకూరు నుంచి శ్రావణ్‌కుమార్. ఆదివారం చెల్లెలితో మాట్లాడకపోతే అతనికి తోచదు.

"నమస్కారమండీ, చెప్పండి," అంది ఆమె.

"ఎవరండీ మాట్లాడేది? జర మా రేఖకు ఇస్తరా? నేను వాళ్ళన్నను."

నేనే అన్నా అనడానికి రేఖ నోరు తెరిచింది. బలమంతా కూడదీసుకుని తెరిచింది. మెడ ఎడమకు తిరిగి, పెదవులు నవ్వాయి.

"రేఖ గారు లేరండీ."

"గట్లనా. ఎప్పుడొస్తది?"

ఆ జవాబు రేఖకు కూడా కావాలి. లోపలెక్కడో నిలబడి, అన్నతోపాటు తనూ చెవులు రిక్కించి వింది.

ఒళ్ళో పిల్ల కళ్ళు తెరవకుండానే ఆమె కొంగు పట్టుకుని లాగింది. "అమ్మా, ఆగకు. మాట్లాడుతనే ఉండు," అంది.