మినుముల గదిలో మైకు

“మిక్సీ వెయ్యకే కుమారీ. పురుగుల చప్పుడు వినబడదంట” అన్నాడు ఈశ్వరప్రసాద్, పేపరులోంచి తలెత్తకుండా.

వేయించిన పచ్చిమిరపకాయల గిన్నె పట్టుకుని కుమారి అలాగే నిలబడింది. చల్లపల్లి దగ్గరి ఈ ఇంటికి కాపురానికొచ్చి ఇరవై ఏడేళ్లు. ఒకరి మాట వినడం కోసం మిగతావాళ్లు నోరు మూసుకోవడమనే మర్యాద ఇంట్లోకి ఇన్నాళ్లకు వచ్చింది, అదీ పుచ్చుపురుగు కోసం.

వంటింటి పక్క గదిలో మినుముల బస్తాలున్నాయి. గింజ లోపల పురుగు తొలిచే చప్పుడు వింటే పుచ్చు ఎంత పట్టిందో ముందే తెలుస్తుందని, వ్యవసాయ కళాశాల నుంచి దీప్తి అనే అమ్మాయి వచ్చి పది రోజుల కిందట ఒక మైకు పెట్టింది. కుమారి బస్తాలకు చెవి ఆనించి, మూడోదాంట్లో ఉన్నాయమ్మా అంటే ఆ పిల్ల నవ్వలేదు. మూడో బస్తాలోనే మైకు గుచ్చింది. కాఫీ తాగి, కప్పు తానే కడిగి బోర్లించింది. చుట్టుపక్కల ఆరు ఊళ్లలో ఇలా విని చెప్పే పనికి వారానికి మూడు రోజులు వస్తారా ఆంటీ, జీతం ఇస్తాం అని అడిగి వెళ్లింది.

అప్పటినుంచీ ఇంట్లో దాని మీద చర్చే. చర్చంటే ఈశ్వరప్రసాద్ మాట్లాడటం. ఇంట్లో నీకు పనేముంది అలిసిపోవడానికి అని ఏళ్ల తరబడి అన్న మనిషే, నువ్వెళ్తే ఇంటి పని ఎవరు చేస్తారన్నాడు. ఆ రెండు మాటలూ ఒకే నోట్లో ఎలా సర్దుకుంటున్నాయా అని కుమారి అంట్లు తోముతూ ఆలోచించింది. అత్తగారూ అంతే, ఊరికే కూర్చుంటావని పొద్దున్నా, ఒక్కచోట కూర్చోవని సాయంత్రమూ అనేవారు.

ఆ మధ్యాహ్నం దీప్తి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది.

“ఆంటీ చెప్పిందే నిజం అంకుల్, మూడో బస్తాలో పురుగుంది. కాకపోతే ఇంకో చప్పుడు పడిందండీ. రోజుకి అరవై రెండుసార్లు. పొద్దున అయిదున్నరకి మొదలు. పెద్ద జాతి పురుగని రాసింది కంప్యూటరు.”

ఈశ్వరప్రసాద్ కంగారుగా ముందుకి వంగాడు. దీప్తి మీట నొక్కింది.

‘కుమారీ, టవలు.’ ‘కుమారీ, కాఫీ ఏదీ.’ ‘కుమారీ, ఫ్యాను కట్టెయ్.’ ఫ్యాను స్విచ్చు ఆయన కుర్చీ వెనకే ఉంది.

ఆయనకి పొలమారింది. “కుమారీ, మంచి...” అని, ల్యాప్‌టాప్ వైపు చూసి, లేచి తనే నీళ్లు తాగొచ్చాడు. గ్లాసు కోసం మూడు అలమరలు తీసినట్టు వినబడింది.

“అది పురుగు కాదుగదమ్మా, తీసెయ్” అన్నాడు వచ్చి.

దీప్తి కుమారి వైపు చూసింది.

“ఉంచమ్మా” అంది కుమారి. “సోమవారం నుంచి మూడు రోజులు నేను ఇంట్లో ఉండనుగా. తగ్గుతుందో లేదో చూద్దాం.”